ఫాంటసీ గేమ్ మ్యాప్ అమ్మితే హక్కు ఎవరిది?

ఊహాలోకపు మ్యాప్‌కైనా కాపీరైట్ చట్టం, 1957 వర్తిస్తుంది. గీయగానే హక్కు పుడుతుంది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు.

కొడకండ్ల వంటి ఊళ్లో గీసి పెట్టుకున్న మ్యాప్‌పై హక్కును హైదరాబాద్ కంపెనీకి రాసివ్వాలంటే సంతకంతో కూడిన పత్రం ఉండాలి. అందులో గడువు రాయకపోతే బదిలీ అయిదేళ్లకే, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే పరిమితం. దేశం బయట కూడా ఆడే ఆన్‌లైన్ గేములకు ఈ ప్రాంతపు షరతు చాలా ముఖ్యం. డబ్బిచ్చి వేయించుకున్న పెయింటింగ్‌పై మాత్రం, వేరే ఒప్పందం లేకుంటే, మొదటి హక్కు వేయించుకున్నవారిదే. కుంచె పట్టకముందే షరతులు రాసుకోవడం మేలు.

మ్యాప్‌ను ఉచితంగా పంచేటప్పుడు క్రియేటివ్ కామన్స్ లైసెన్సులో ‘ఎన్‌సీ’ (నాన్‌కమర్షియల్) ఉంటే ఇతరులు వ్యాపారానికి వాడుకోకూడదు.

గేమ్ పాత్రలను చేర్యాల నకాశీ పటచిత్రాల శైలిలో గీయవచ్చు. అయితే ఒక కళాకారుడి పటాన్ని అనుమతి లేకుండా నకలు తీయకూడదు. ఈ కళకు భౌగోళిక గుర్తింపు (జీఐ) ఉన్నందున ‘చేర్యాల చిత్రం’ అనే పేరుతో అమ్మడం నమోదైన కళాకారులకే చెల్లుతుంది.