గంగానది డాల్ఫిన్

నీటిలోనే పుట్టి, నీటిలోనే జీవించే ప్రాణి అయినప్పటికీ డాల్ఫిన్ చేప కాదు. పిల్లలకు పాలిచ్చి పెంచే క్షీరదం. ఊపిరితిత్తులతో శ్వాసించే ఈ ప్రాణి కొద్ది నిమిషాలకొకసారి నీటిపైకి రాక తప్పదు.

గంగా, బ్రహ్మపుత్ర నదులలో నివసించే డాల్ఫిన్‌కు చూపు దాదాపు లేదు. అది ధ్వనులను వెలువరించి, ఎదుటి వస్తువును తాకి మరలివచ్చే ప్రతిధ్వనులను బట్టి దారిని, ఆహారాన్ని తెలుసుకుంటుంది. ఒక్కొక్కసారి జాలరుల వలలలో చిక్కి, పైకి రాలేక ఊపిరాడక మరణిస్తుంది. ఆనకట్టలు, కాలుష్యం, పడవల యంత్రఘోష దాని మనుగడకు ఇతర ఆటంకాలు.

క్రీ.పూ. 3వ శతాబ్దంలో అశోకచక్రవర్తి వధింపరాదని శాసించిన ప్రాణులలో 'గంగాపుపుటక' ఒకటి. అది ఈ డాల్ఫినేనని పలువురు పండితుల అభిప్రాయం. ఆధునిక కాలంలో పట్నా విశ్వవిద్యాలయ ఆచార్యుడు రవీంద్రకుమార్ సిన్హా దీనిపై దశాబ్దాల తరబడి పరిశోధన సాగించి, 2016లో పద్మశ్రీ పురస్కారం పొందారు. బీహారులో భాగల్పూరు సమీపాన గంగానదిపై 1991లో విక్రమశిల డాల్ఫిన్ అభయారణ్యం ఏర్పడింది. 2009లో కేంద్రప్రభుత్వం దీనిని జాతీయ జలచరంగా ప్రకటించింది. 2025లో వెల్లడైన గణన ప్రకారం దేశంలోని నదీ డాల్ఫిన్లు 6,327.

చైనాలోని యాంగ్‌ట్సీ నదిలో 2006లో వారాల తరబడి వెదకినా అక్కడి నదీ డాల్ఫిన్ ఒక్కటైనా కనిపించలేదు. లెక్కించడానికి ప్రాణులు మిగిలి ఉన్నప్పుడే రక్షణకు పూనుకోవాలి. డాల్ఫిన్‌ను కాపాడడమంటే అది ఈదే నదిని, ఆ నదిపై ఆధారపడిన మానవుని కాపాడడమే.