జగత్తు కారాగారమా? — గ్రీకు తత్త్వవేత్త ప్లొటైనస్ చెప్పిన సమాధానము

'జ్ఞా' అను ధాతువు మన సంస్కృతభాషకు మాత్రమే చెందినది కాదు. గ్రీకు భాషయందు 'గ్నోసిస్' అనగా జ్ఞానమే. ఈ రెండు పదములును ఒకే ప్రాచీన మూలమునుండి చీలిన కొమ్మలని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించినారు. క్రీస్తుశకము రెండు, మూడు శతాబ్దములలో రోమను సామ్రాజ్యమునందు, విశేషించి ఈజిప్టు దేశమున, తమకు మాత్రమే తెలిసిన ఒక రహస్యజ్ఞానము వలన మోక్షము కలుగునని చెప్పుకొనిన కొన్ని మతశాఖలు బయలుదేరినవి. వారికే గ్నాస్టిక్కులని పేరు. ఆంగ్లేయులు మొదటి అక్షరమును మ్రింగి పలుకుటచే ఆ మాట మన చెవికి 'నాస్తికులు' అన్నట్లు వినబడును గాని, ఆ మాటకును ఈ మాటకును చుట్టరికము లేదు. వారు దేవుడు లేడన్నవారు కారు. ఈ లోకమును చేసినవాడు మంచి దేవుడు కాడన్నవారు.

తిరుమల యాత్రకును, ఇంటి తిరువారాధనమునకును అలవాటుపడిన మన పాఠకులకు ఈ పరదేశపు వాదము ఎందులకని సందేహము కలుగవచ్చును. కారణము కలదు. 1998వ సంవత్సరము నవంబరు 22వ తేదీన మాదాపూరులో సైబర్ టవర్స్ భవనము ప్రారంభమైనది మొదలు, హైదరాబాదు నగరమునకు పడమట హైటెక్ సిటీ అను క్రొత్త ఊరే వెలసినది. ఆ ప్రాంతమున సాయంసమయముల గీతాపాఠమునకు వచ్చు యువతీయువకుల నోట ఒక ప్రశ్న తరచుగా వినబడుచున్నది. "ఈ ప్రపంచమంతయు ఎవరో వ్రాసిన ప్రోగ్రాము కాదా? మనము అందులో చిక్కుకొన్నవారము కామా? బయటపడు ఉపాయము తెలియుటయే జ్ఞానము గదా? మన మాయావాదము కూడ ఇదియే గదా?" అని అందురు. 1999లో వచ్చిన 'ది మేట్రిక్స్' అను చలనచిత్రమును చూచినవారు కొందరు. నిక్ బోస్ట్రమ్ అను తత్త్వవేత్త 2003లో ఈ విషయమును గూర్చి ప్రకటించిన వ్యాసమును చదివినవారు మరికొందరు. పెద్దలు ఈ మాట విని, పిల్లలకు వైరాగ్యము కలిగినదని సంతోషించుట కూడ చూచుచున్నాము.

సంతోషింపదగిన విషయమేనా అన్నదే విచారణీయము. వైరాగ్యమును, లోకద్వేషమును పైకి ఒక్కతీరుగనే కనబడును. రెండును "ఇది నాకు వలదు" అనును. కాని ద్వేషము తలకెక్కినవాడు తల్లి వడ్డించిన అన్నమును కూడ వలయని తలంచును. నిత్యానుష్ఠానము, ఇల్లు, ఉద్యోగము, తుదకు తన దేహము సైతము శత్రువుగ తోచును. విరక్తునికి అట్లు తోచదు. ఈ భేదమును 1700 సంవత్సరములకు పూర్వమే ఒక గ్రీకు ఆచార్యుడు తన శిష్యులముందు నిశితముగ విమర్శించి చూపెను. ఆయన పేరు ప్లొటైనస్.

ఆయన క్రీ.శ. 204 ప్రాంతమున జన్మించెను. ఇరువది యెనిమిదవ యేట తత్త్వజిజ్ఞాస కలిగి, అలెగ్జాండ్రియా నగరమున అమ్మోనియస్ సక్కాస్ అను గురువును ఆశ్రయించి, పదునొకండు సంవత్సరములు శుశ్రూష చేసెను. ఆ గురువు గ్రంథమేదియు విడువలేదు. (సక్కాస్ అనగా శాక్యుడని, ఆయన భారతీయుడని ఊహించినవారున్నారు. ప్రమాణము లేదు, ప్రమాణము లేని గొప్ప మనకు అక్కరయు లేదు.) ప్లొటైనస్ కు పారసీకుల విద్యను, భారతీయుల విద్యను తెలిసికొనవలెనని కోరిక కలిగెను. అందుచే క్రీ.శ. 243లో మూడవ గోర్డియన్ చక్రవర్తి పారసీకులపై దండెత్తినప్పుడు ఆ సేనతో బయలుదేరెను. చక్రవర్తి 244లో మెసొపొటేమియాలో మరణించెను. ప్లొటైనస్ ప్రాణములు దక్కించుకొని అంతియోకు చేరి, అటనుండి రోము నగరమునకు పోయి, అక్కడనే స్థిరపడి బోధించెను. భారతదేశమును చూడనేలేదు.

ఆయన బయలుదేరిన ఆ శతాబ్దమున మన కృష్ణాతీరమున, విజయపురియందు ఇక్ష్వాకు రాజులు పాలించుచుండిరి. నేటి నాగార్జునకొండ అదియే. అచ్చట రోమను చక్రవర్తి టైబీరియస్ నాటి బంగారు నాణెము త్రవ్వకములలో దొరికినది. కనుక ఆ రెండు దేశములకును రాకపోకల దారి తెలియనిది కాదు. ఆ విజయపురిలోనే అష్టభుజస్వామి పేర విష్ణ్వాలయము వెలసినదని, స్వామి విగ్రహము దారుమయమని ఆభీర వసుషేణుని శాసనము వలన తెలియుచున్నది. తెలుగునేలపై మనకు తెలిసిన ప్రాచీన విష్ణ్వాలయములలో అది యొకటి. ఆ లోయ నేడు నాగార్జునసాగర జలములలో మునిగియున్నది. ప్లొటైనస్ అష్టభుజస్వామి సన్నిధికి వచ్చియుండినచో ఏమనియుండెడివాడో ఊహింపగోరుదుము గాని, దానికి సమాధానము ఆయన జీవితచరిత్రయందే వేరొకచోట దొరకును. ముందుకు చెప్పెదను.

ఇక గ్నాస్టిక్కుల మతము. శాఖలు అనేకము, కథలలో భేదములును అనేకము. సారమిది. అందరికిని పైన అవిజ్ఞేయుడైన పరమపిత యొకడు కలడు. ఆయననుండి దివ్యతత్త్వములు వరుసగ ఆవిర్భవించినవి. చివరిదైన 'సోఫియా', అనగా ప్రజ్ఞాదేవి, హద్దు దాటి పతనము చెందెను. ఆ పతనమువలన పుట్టినవాడు యాల్దబవోతు అను మూఢుడు. వానికి పైలోకము తెలియదు. తెలియకయే "నేను తప్ప దేవుడు లేడు" అని విర్రవీగి ఈ లోకమును సృజించెను. గ్రహాధిపతులు వాని కారాగార రక్షకులు. మానవునిలో పైలోకపు నిప్పురవ్వ చిక్కుకొనియున్నది. అది అందరిలోను లేదనియు, ఉన్నవారికే విముక్తియనియు కొన్ని శాఖలవారు చెప్పిరి.

ఇట్టివారు ప్లొటైనస్ పాఠశాలకే వచ్చి కూర్చుండెడివారు. వారిలో కొందరు ఆయనకు మిత్రులు. తమవద్దకు రాకపూర్వమే ఈ మతము వారికి పట్టుబడినదని, వారిని నొప్పించుట తనకు ఇష్టములేదని ఆయన వ్రాసెను. అయినను తక్కిన శిష్యులు చెడిపోకుండుటకై ఒక గ్రంథము రచించెను. ఆయన రచనలు 54; శిష్యుడైన పోర్ఫిరీ వానిని తొమ్మిదేసి చొప్పున ఆరు భాగములు చేసి 'ఎన్నియడ్స్', అనగా 'నవకములు' అని పేరిడెను. రెండవ నవకమున తొమ్మిదవ ప్రకరణమే గ్నాస్టిక్కుల ఖండనము.

ఆయన తర్కము మన పూర్వపక్ష సిద్ధాంత పద్ధతిని తలపించును. లోకమును చేసిన ఆత్మ పతితమైనదందురు. పతనమనగా పైలోకమును మరచుటయే గదా? మరచినచో దేనిని చూచి ఈ లోకమును చేసెను? మరువక, దానిని చూచుచునే చేసినచో పతనమెక్కడ? పోనీ, కీర్తికొరకు చేసెనందురా? అది ఊరిలోని శిల్పులకు ఉండు కోరికను జగత్కారణమునకు అంటగట్టుట. ఈ సూర్యుని చూడుడు, ఈ అగ్నిని చూడుడు. ఆ పైలోకపు ప్రతిబింబములుగ వీనికంటె మేలైనవానిని చూపగలరా? ఇట్లు ప్రశ్నపై ప్రశ్న వేసి త్రోవ మూసివేసెను.

తర్కముకంటెను ఆయన చూపిన ఆచారవిమర్శ నాకు మిన్నగ తోచినది. వీరు నీచులైనవారిని సైతము సోదరులని పిలుతురు. సూర్యుని మాత్రము సోదరుడనరు! ఇంత గ్రంథము వ్రాసినవారు సద్గుణమును గూర్చి ఒక్క ప్రకరణమైనను వ్రాయలేదు. దేవునివైపు చూడుమందురు, ఎట్లు చూడవలెనో చెప్పరు. మనస్సు శుద్ధిపడనిచో దేవుడు ఒక పేరుగనే మిగులునని ఆయన సిద్ధాంతము. మరియొక మాట మన భాగవతులకు మిక్కిలి దగ్గరిది. ఒకరియందు ప్రీతిగలవాడు వారి బిడ్డలయందును ప్రీతి గలిగియుండును. కనుక ఈ లోకము పరమపితకు చెందినదేయైనచో, పితను ప్రేమింతుననుచు ఆయనదగు దానిని ద్వేషించుట ప్రేమయే కాదు.

చివర ఒక దృష్టాంతము. ఒకే చక్కని ఇంటిలో ఇద్దరు కాపురముందురు. ఒకడు ఇంటిని తిట్టును, కట్టిన మేస్త్రిని తిట్టును. అయినను అందే నివసించును. రెండవవాడు తిట్టడు, ఎంతో నేర్పుతో కట్టినాడని చెప్పుచు, ఇల్లు అక్కరలేని కాలము వచ్చువరకు ఎదురుచూచును. మొదటివాడు తానే విరక్తుడననుకొనును. రాళ్లను, కొయ్యను తిట్టగలుగుటయే జ్ఞానమని వాని భ్రమ. నిజమునకు ఇంటిని విడుచుటకు సిద్ధముగనున్నవాడు రెండవవాడే.

మన సిద్ధాంతమున ఇల్లు అను దృష్టాంతమునకు బదులు శరీరమను మాట వచ్చును. బృహదారణ్యకోపనిషత్తునందలి అంతర్యామి బ్రాహ్మణము పృథివి మొదలు ఆత్మవరకు ఒక్కొక్కదానిని చెప్పుచు, అది పరమాత్మకు శరీరమనియు, ఆయన లోపలనుండి నియమించుననియు బోధించుచున్నది. భగవద్రామానుజులు శ్రీభాష్యమునను, వేదార్థసంగ్రహమునను ఈ శరీరశరీరిభావమునే మూలస్తంభముగ నిలిపిరి. 'మాయ' అను పదమునకు వారు చెప్పిన అర్థము అసత్యము కాదు. ఆశ్చర్యకరమైన సృష్టిని చేయు శక్తి. గీత పదునారవ అధ్యాయమున జగత్తు అసత్యమని, దానికి ఆధారమును ఈశ్వరుడును లేరని పలుకువారిని భగవానుడు ఏ గణమున చేర్చెనో జ్ఞాపకము చేసికొనవలెను. హైటెక్ సిటీ యువకుల ప్రశ్నకు సమాధానము ఇక్కడనే కలదు. ప్రోగ్రాము వ్రాసినవాడు దానికి వెలుపల ఉండును. వ్రాసి ముగించి ఇంటికి పోవును. అంతర్యామి అట్లు పోవువాడు కాడు. ఈ పోలిక అక్కడనే విరిగిపోవుచున్నది.

అంతమాత్రమున ప్లొటైనస్ ను వైష్ణవునిగ చేయరాదు. ఆయన చెప్పిన 'ఏకము' గుణరహితము, సంకల్పరహితము. సూర్యునినుండి కాంతివలె దానినుండి బుద్ధితత్త్వము, బుద్ధినుండి ఆత్మతత్త్వము, ఆత్మనుండి లోకము అప్రయత్నముగ వెలువడును. పిలిచిన పలుకు దేవుడు కాడు. శరణాగతికి చోటు లేదు. అమీలియస్ అను శిష్యుడు పర్వదినములలో దేవాలయములు తిరుగుచు ఒకసారి గురువును తోడు రమ్మని పిలిచెను. దేవతలే తనవద్దకు రావలెను గాని తాను వారివద్దకు పోదగదని గురువు బదులు చెప్పెను. ఆ మాటలోని భావము తమకు బోధపడలేదని, అడుగుటకును ధైర్యము చాలలేదని పోర్ఫిరీయే వ్రాసెను. అష్టభుజస్వామి సన్నిధికి వచ్చియుండినచో ద్వారముకడనే నిలిచియుండెడివాడేమో! హైటెక్ సిటీకి నైరుతి దిక్కున, గండిపేట చెరువు దరిని చిలుకూరు బాలాజీ ఆలయము కలదు. హుండీ లేని ఆ కోవెలలో మ్రొక్కుకొనునప్పుడు 11, కోరిక నెరవేరినప్పుడు 108 ప్రదక్షిణములు చేయుట ఆచారము. విదేశీ వీసా కొరకు వచ్చిన యువకులు కాళ్లు నొప్పులెత్తగా తిరుగుచుందురు. కోరిక చిన్నదని నవ్వువారు నవ్వవచ్చును. కాని దేహము వలయని వాదించు యువకుడు 108 మారులు ఆ దేహముతోనే స్వామిని చుట్టివచ్చుచున్నాడు గదా.

గ్నాస్టిక్కుల కథ అక్కడితో ముగియలేదు. గురువు ఆజ్ఞచే అమీలియస్ 'జోస్త్రియానోస్' అను గ్నాస్టిక్ గ్రంథమును ఖండించుచు 40 పుస్తకములు వ్రాసెను. కాలము విచిత్రమైనది. ఖండనము నశించినది, ఖండింపబడినది మిగిలినది. 1945లో ఈజిప్టు దేశమున నాగ్ హమ్మాదీ అను ఊరి దరిని కర్షకులకు ఒక మట్టికుండ దొరికెను. అందున్న 13 ప్రతులలో 'జోస్త్రియానోస్', 'అల్లోజెనీస్' అను గ్రంథములు కోప్తు భాషానువాదములుగ బయటపడినవి. పోర్ఫిరీ పేర్కొనిన పేర్లే అవి. వానియందు ప్లొటైనస్ పాఠశాలలో వినబడు పరిభాషయే కలదు: సత్త, జీవము, బుద్ధి అను త్రయము, అవాఙ్మనసగోచరమైన ఏకమునకు మెట్టుమెట్టుగ ఆరోహణము. ఎవరు ఎవరివద్ద గ్రహించిరో పండితులు ఇప్పటికిని వాదించుకొనుచున్నారు. శత్రుపక్షములని మనము తలంచువారు ఒకే బల్లపై చదివినవారు. భేదమంతయు ఆ మెట్లు ఎక్కువాడు తన వెనుకనున్న లోకమును ఏ దృష్టితో చూచుననుటయందే కలదు.

ఆ దృష్టి ప్లొటైనస్ కు సులభముగ కలిగినదని తలపరాదు. తాను దేహమందుండుటకే ఆయన సిగ్గుపడునట్లు కనబడెనని శిష్యుడు చెప్పుచున్నాడు. చిత్రకారుని ఎదుట కూర్చుండుటకు ఒప్పుకొనలేదు. జన్మదినమును, తల్లిదండ్రుల పేర్లను చెప్పలేదు. స్వభావముచేత ఆయన గ్నాస్టిక్కులకు దగ్గరివాడే. అయినను రోము నగరమున మరణము సమీపించిన గొప్పవారనేకులు తమ బిడ్డలను, ఆస్తులను ఆయనకే అప్పగించెడివారు. ఆ ఇల్లు బాలబాలికలతో నిండియుండెడిది. ఏకమును ధ్యానించువాడు ఆ పిల్లల చదువును విచారించుచు, వారి సంరక్షకులు తెచ్చిన లెక్కలను ఓపికతో వినుచు, తప్పులు రాకుండ చూచుకొనెడివాడు. ఈ పిల్లలు తత్త్వమార్గమునకు వచ్చువరకైనను వారి సొత్తు వారికి భద్రముగ నుండవలెనని ఆయన చెప్పెడివాడట.