సైకిలుకు క్యారియరు అమర్చుట

పూర్వపు సైకిళ్ళకు వెనుక క్యారియరు సామాన్యముగా ఉండెడిది. నేటి పిల్లల సైకిళ్ళలో పెక్కింటికి క్యారియరు లేదు. దానిని బిగించుటకు రంధ్రములును లేవు. అందుచే బాలురు పుస్తకముల సంచిని హ్యాండిలునకు తగిలించుకొనుచున్నారు. ఆ బరువు ముందుచక్రమును ఒక ప్రక్కకు లాగును. సంచి పట్టీ చక్రపు పుల్లలలో చిక్కినచో చక్రము ఆగి, బాలుడు ముందునకు పడును. బడి వాకిట అట్లు పడిన బాలుని నేను లేవనెత్తితిని.

దీనికి ఉపాయము కలదు. ఫ్రేమునకు మాత్రము రంధ్రము వేయింపరాదు. గొట్టము పలుచనిది గనుక అచ్చట విరుగవచ్చును. వెనుక ఇరుసు నట్టుతో బిగించునదైనచో, క్యారియరు కాళ్ళను ఇరుసునకే తొడిగి నట్టు బిగింపవలెను. నట్టు పూర్తిగా ఎక్కుటకు చాలినంత మర ఉండవలెను. అప్పుడు బరువును ఇరుసు మోయును. పైభాగమును, సీటు క్రిందనుండి ఇరుసువరకు దిగు రెండు గొట్టములకు, లోపల రబ్బరు గల క్లాంపులతో పట్టించవలెను. క్లాంపు బ్రేకు తీగను నొక్కరాదు.

పిమ్మట చక్రమును త్రిప్పి చూడుడు. బ్రేకు నొక్కి చూడుడు. తొక్కునప్పుడు మడమ సంచికి తగులరాదు. సంచిని కట్టిన త్రాటి కొస వ్రేలాడరాదు. వారము గడచిన పిదప నట్టులను మరల బిగింపుడు. క్యారియరుపై సూచించిన బరువును మించరాదు. దానిపై తమ్ముని గాని చెల్లెలిని గాని కూర్చుండబెట్టరాదు.

తల్లిదండ్రులారా! ఈ పనిని పిల్లవానిచేతనే, మీ యెదుట చేయింపుడు. తాను బిగించిన నట్టును వాడు తానే కనిపెట్టుకొని యుండును.