పంపకము - న్యాయము

పోలవరము చెంత గోదావరి నడుమ ఒక కొండ కలదు. దానిపై వీరభద్రస్వామి కోవెల వెలసియున్నది. అదియే పట్టిసీమ క్షేత్రము. మహాశివరాత్రినాడు వేలకొలది యాత్రికులు రేవునుండి పడవలపై ఆ కొండకు పోవుదురు. ఏటి నడుమకు చేరిన పడవలో పెద్ద, చిన్న అను భేదము లేదు. మునిగినచో అందఱును మునుగుదురు. కావున సరంగు మాటను అందఱును విందురు. అందఱి క్షేమమును సరంగు చూచుచుండును.

చేపలు పట్టువారిలోను ఇట్టి కట్టుబాటే కలదు. వేట ముగిసిన పిదప, చేపలు అమ్మగా వచ్చిన సొమ్ములో ముందుగా ఖర్చులు తీసివేయుదురు. మిగిలినదానిని పడవకు, వలలకు, వేటకు పోయినవారికి వాటాలుగా పంచుదురు. వాటాల లెక్క ఊరూరికి మారును. కాని ఆ లెక్క వేటకు పోకమునుపే అందఱికిని తెలిసియుండవలెను. లేనిచో మఱునాడు పడవ కదలదు.

ఈ మర్మమును సముద్రపు దొంగలు కూడ ఎఱిగియుండిరి. 1719 మొదలు 1722 వఱకు బార్తొలొమ్యూ రాబర్ట్సు అను వేల్సు దేశీయుడు అట్లాంటికు సముద్రమున ఓడలను దోచెను. అతని ఓడలోని నిబంధనలు 1724లో లండనులో వెలువడిన ఒక గ్రంథమున అచ్చయినవి. వాని ప్రకారము ముఖ్యవిషయములలో ప్రతి నావికునకును ఒక ఓటు కలదు. తాజా ఆహారమునందు అందఱికిని సమానమైన హక్కు కలదు. డబ్బు పెట్టి జూదమాడరాదు. రాత్రి ఎనిమిది గంటలకు దీపములు ఆర్పవలెను. పోరాటమున అవయవమును కోల్పోయినవానికి ఉమ్మడి సొమ్ములోనుండి 800 డాలర్లు ఈయవలెను. తోడివారిని మోసగించి ఉమ్మడి సొమ్మును దాచుకొన్నవానిని నిర్జన తీరమున విడిచిపెట్టుదురు.

పంపకమున నాయకునకును, క్వార్టర్‌మాస్టరునకును రెండేసి వాటాలు. మఱి ముగ్గురు ముఖ్యులకు ఒకటిన్నర చొప్పున. ఇతర అధికారులకు ఒకటింబావు చొప్పున. సామాన్య నావికునకు ఒక వాటా. ఒక ఓడలో ఇతర అధికారులు నలుగురు, నావికులు అఱువదిమంది ఉన్నారనుకొందము. మొత్తము వాటాలు 73½. దొరికిన సొమ్ము 7,350 నాణెములైనచో వాటాకు 100 వచ్చును. నాయకునకు 200 మాత్రమే దక్కును. ఆ కాలపు రాజులకును, సేవకులకును నడుమనున్న అంతరముతో పోల్చినచో ఇది మిక్కిలి స్వల్పము.

ఈ లెక్కయే నేడు ఆటగా మాఱినది. 1987లో వెలువడి, 2004లో పునర్నిర్మింపబడిన 'సిడ్ మైయర్స్ పైరేట్స్' అను కంప్యూటరు ఆటలో ఆడువాడే ఓడకు నాయకుడు. మనుష్యులు తక్కువైనచో పోరు గెలువడు. ఎక్కువైనచో తిండి త్వరగా తఱుగును, తలకు వచ్చు వాటాయు తగ్గును. నెలలు గడచినకొలది నావికులలో అసంతృప్తి పెరుగును. తుదకు సొమ్ము పంచక తప్పదు. పంచిన పిదప పాతవారు చెదరిపోవుదురు. క్రొత్తవారిని మరల కూర్చుకొనవలెను. మనుష్యులను నడపుట కత్తి త్రిప్పుటకంటె కష్టమని ఆడువాడు అనుభవమున తెలిసికొనును.

అయినను ఒక ప్రశ్న మిగిలియున్నది. పంచుకొన్న సొమ్ము ఎవరిది? దొంగలు తమలో తాము న్యాయముగా నుండిరి, నిజమే. కాని దోపిడికి గుఱియైన వర్తకునకు వారి ఓటులోగాని, వాటాలోగాని పాలు లేదు.

ఈ ప్రశ్నకు తెలుగునేలపై ఒక రాజు ఏనాడో సమాధానము చెప్పెను. పూర్వము తుపానుకు చిక్కి తీరమున పడిన ఓడలలోని బంగారము, ఏనుగులు, గుఱ్ఱములు, రత్నములు మొదలగువానిని రాజులు బలిమిని తీసికొనుచుండిరి. ఆ ఆచారమును ప్రశ్నింపగలవాడు లేడు. కాకతీయ గణపతిదేవ చక్రవర్తి 1244లో మోటుపల్లి రేవున అభయశాసనమును వేయించి ఆ దోపిడిని మానెను. సముద్రయానమున ప్రాణములకు తెగించి వచ్చువారికి ధనము ప్రాణముకంటెను మిన్న యని తలంచి, దయతో, నిర్ణీతమైన సుంకము తప్ప తక్కినదంతయు వారికే విడిచెను. ఎగుమతి దిగుమతులపై సుంకము ముప్పదింట ఒక పాలు. ఆ శాసన స్తంభము మోటుపల్లి వీరభద్రాలయమున కలదు.

దొరికినదానిని సరిగా పంచుట ఓడకు కావలసిన నీతి. దొరికినదెల్ల తనది కాదని ఎఱుగుట లోకమునకు కావలసిన నీతి. మొదటిది దొంగలకును తెలియును. రెండవది తెలిసినవాడే దొర.

ప్రశ్నలు
1. వేటకు పోకమునుపే వాటాల లెక్క ఏల తెలిసియుండవలెను?
2. రాబర్ట్సు ఓడలోని నిబంధనలలో మెచ్చదగినవి యేవి? మెచ్చరానిదేది?
3. గణపతిదేవుడు తనకు దక్కగల సొమ్మును ఏల విడిచెను?