బాటిల్‌బ్రష్ కొమ్మ నాటడానికి ఇదే అదను

పునర్వసు కార్తె నడుస్తోంది. పొలం పనుల హడావుడి ఎలాగూ ఉంటుంది. ఇంటి ముంగిట్లో ఎర్రటి కుచ్చుల బాటిల్‌బ్రష్ కావాలనుకునేవాళ్లు ఇప్పటి నుంచి ఆశ్లేష కార్తె దాకా దాని మీద కూడా ఒక కన్ను వేసి ఉంచాలి. ఎండలు ముదరకముందు పూసిన చెట్లు ఆ పూత తర్వాత వేసిన కొమ్మలు ఇప్పటికి సగం ముదిరి, నాటడానికి సరిగ్గా పనికొస్తాయి. గాలిలో తేమ కూడా ఖర్చు లేకుండా దొరికే రోజులివి.

కత్తెర పట్టేముందు ఈ చెట్టు పెరిగే తీరు చూడండి. గులాబీ రెమ్మ పువ్వు దగ్గర ఆగిపోతుంది. బాటిల్‌బ్రష్ కుచ్చు కొసన మాత్రం ఆకుల మొగ్గ ఒకటి ఉంటుంది. పూత రాలుతుండగానే కొమ్మ అక్కడి నుంచి ముందుకు సాగిపోతుంది. పూలున్న చోట మిరియం గింజంత గట్టి కాయలు కొమ్మను చుట్టూ అంటిపెట్టుకుని మిగిలిపోతాయి. అవి ఏళ్ల తరబడి రాలవు. పాత కొమ్మను చేత్తో తడిమితే కొంత మేర గరుకుగా కాయలు, తర్వాత నున్నటి బెరడు, మళ్లీ కాయలు తగులుతాయి. ఆ కొమ్మ ఎన్నిసార్లు పూసిందో అలా లెక్క పెట్టుకోవచ్చు. మొక్క కట్టడమైనా, కత్తిరించడమైనా ఈ నడకను బట్టే చేయాలి.

ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్, క్వీన్స్‌లాండ్ ప్రాంతాలు దీని పుట్టిల్లు. మన జామ, నేరేడు, జామాయిల్ చెట్లకు చుట్టమే. నర్సరీ చీటీల మీద కాలిస్టెమాన్ అని రాసినా, మెలల్యూకా అని రాసినా చెట్టు అదే కాబట్టి గాభరా పడొద్దు. మన దగ్గర ఎక్కువగా కనిపించేవి రెండు రకాలు. పార్కుల్లో కొమ్మలు కిందికి వాలి ఉండేది విమినాలిస్. అది అయిదారు మీటర్లు దాటి పెరుగుతుంది కాబట్టి కరెంటు తీగల కింద పెట్టకండి. నిటారుగా పొదలా పెరిగే సిట్రినస్ ఆకు నలిపితే నిమ్మ వాసన వస్తుంది. చిన్న పెరడుకు ఇదే నయం. కత్తిరిస్తూ ఉంటే రెండు మూడు మీటర్ల ఎత్తులో నిలుస్తుంది.

విత్తనాలు వేయొచ్చా అని అడిగేవాళ్లున్నారు. వేయొచ్చు. కొమ్మ పచ్చగా ఉన్నంత కాలం కాయ నోరు విప్పదు. పుట్టిన దేశంలో కార్చిచ్చుకు కొమ్మ మాడినప్పుడో, ఎండిపోయినప్పుడో విచ్చుకుంటుంది. మనం కొసన ఉన్న కొత్త కాయల్ని వదిలేసి, వెనక ఉన్న బూడిదరంగు కాయల్ని కొమ్మతో సహా కోసి, కాగితపు కవరులో వేసి వెచ్చటి పొడి చోట ఉంచితే చాలు. కొద్ది రోజుల్లో కవరు అడుగున ముక్కుపొడిలా గింజలు రాలతాయి. వాటిని మట్టిపైన చల్లి వదిలేయాలి, పైన మట్టి కప్పకూడదు. కుండీని నీళ్ల పళ్లెంలో పెట్టి కింది నుంచి తడి ఎక్కనివ్వండి. రెండు నుంచి నాలుగు వారాల్లో మొలుస్తాయి. నారుకుళ్లు కనిపిస్తే లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి పోయండి. ఇంతా చేశాక తల్లిచెట్టు రంగే వస్తుందన్న హామీ లేదు, పూతకు మూడు నాలుగేళ్లో అంతకు మించో ఆగాలి. ఓపిక, చోటు రెండూ ఉన్నవాళ్లకే ఈ సరదా. మిగతావాళ్లు నచ్చిన చెట్టు కొమ్మనే నాటుకోండి.

ఏ కొమ్మ తీయాలన్నదే అసలు కిటుకు. కాయల వలయం దాటి పెరిగిన ఈ ఏటి కొమ్మను పట్టుకుని వంచండి. ఎటంటే అటు వంగిపోతే ఇంకా లేత, అది కుళ్లిపోతుంది. అసలు వంగకుండా మొండికేస్తే ముదిరిపోయినట్టు, అది వేరు పట్టదు. కాస్త వంగి టప్పున విరగబోయేది, మొదట్లో గోధుమరంగు తిరిగి కొస పచ్చగా ఉన్నది తీసుకోండి. మొగ్గ తొడిగినదాన్ని వదిలేయండి. పొద్దున్నే కోసి తడిగుడ్డలో చుట్టండి. 10 నుంచి 12 సెంటీమీటర్ల ముక్క చాలు. ఆకు కణుపుకు సరిగ్గా కింద కోసి, పైన నాలుగైదు ఆకులుంచి మిగతావి తీసేయాలి. ఉంచిన ఆకులు పొడుగ్గా ఉంటే సగానికి కత్తిరించండి. మొదట్లో ఒక పక్క బెరడు సన్నగా గీకి, రూటింగ్ పౌడర్ అద్ది, అదనపు పొడి దులిపేయండి.

ఏటి ఇసుక సగం, కొబ్బరి పొట్టు సగం కలిపిన కుండీలో ముందు పుల్లతో బొక్క చేసి, అందులో ముక్కను నిలపాలి. నేరుగా గుచ్చితే అద్దిన పొడంతా పైనే తుడుచుకుపోతుంది. ఈ దశలో పశువుల ఎరువు, వర్మీకంపోస్టు వేస్తే కుళ్లు తప్ప లాభం లేదు. అడుగు కోసిన నీళ్ల సీసా పైన బోర్లించి, మూత తీసి ఉంచండి. నీడలో పెట్టండి, ఎండ నేరుగా తగిలితే సీసాలో ముక్క ఉడికిపోతుంది. వేరు పట్టడానికి ఆరు నుంచి పది వారాలు పడుతుంది. కొత్త చిగురు చూసి మురిసిపోకండి, కొమ్మలో ఉన్న సత్తువతోనే ఒక చిగురు వేసి తర్వాత వాడిపోయేవి బోలెడు. పీకి చూడటం మానేసి, కుండీ అడుగు రంధ్రంలో తెల్లటి వేరు కనిపించే దాకా ఆగండి. సగం బతికినా గెలిచినట్టే కాబట్టి కావలసినదానికి రెట్టింపు పెట్టుకోండి.

వేరు పట్టినవాటిని పాలిథిన్ సంచుల్లోకి మార్చి, వచ్చే తొలకరికి నేలలో పెట్టాలి. కడియం నర్సరీల నుంచి వచ్చే ఎదిగిన మొక్కలు కొంటే ఇప్పుడే నాటొచ్చు. సంచి చింపి, వేర్లు అడుగున చుట్టలు చుట్టుకుని ఉంటే విడదీసి మరీ పెట్టండి. రెండడుగుల గుంత, బాగా చివికిన పశువుల ఎరువు చాలు. డి.ఎ.పి. జోలికి పోకండి, సారం తక్కువ నేలల్లో పుట్టిన జాతికి భాస్వరం ఎక్కువైతే మేలు కంటే కీడే. రోజంతా ఎండ తగలాలి, మొదటి రెండు వేసవులూ నీళ్లు తప్పకూడదు.

ఎర్రనేలల్లో దీనికి ఢోకా లేదు. సున్నం ఎక్కువున్న నల్లరేగళ్లలో, ఉప్పు బోరునీళ్ల కింద మాత్రం కొత్త ఆకులు ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో పసుపు తిరుగుతాయి. అది ఇనుపధాతు లోపం. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, గ్రాము నిమ్మ ఉప్పు కలిపి వారం పది రోజుల తేడాతో రెండు మూడుసార్లు ఆకుల మీద పిచికారీ చేయండి.

కత్తిరింపు పూత అయిపోయిన వెంటనే, వాడిన కుచ్చుకు కాస్త వెనక, కింద పచ్చటి ఆకులు మిగిలేలా చేయాలి. అలా చేస్తే కాయలు కట్టవు, పక్కల నుంచి నాలుగు కొమ్మలొచ్చి పొద గుబురవుతుంది. సంక్రాంతికి ఇంటికి సున్నం వేస్తూ చెట్టునూ గుండ్రంగా చెక్కేసే అలవాటు చాలా చోట్ల ఉంది. వచ్చే పూతంతా ఆ కొసల్లోనే ఉంటుంది, ఊడ్చి పారేసేది దాన్నే. ఆకుల్లేని మాను దాకా నరికితే తేరుకోవడానికి చాలా కాలం పడుతుంది.

చీమలు బారులు తీరి ఎక్కుతుంటే పిండినల్లి గానీ, పొలుసు పురుగు గానీ ఉన్నట్టే. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం పూట కొట్టండి. కుచ్చులు విచ్చుకుని తేనెటీగలు, తేనెపిట్టలు వాలుతున్న రోజుల్లో మాత్రం ఏ మందూ కొట్టొద్దు. పురుగు పట్టిన కొమ్మను కోసి కాల్చేయండి.