ఆరౌ పాఠశాలలో ఒక యేడు

1895వ సంవత్సరము అక్టోబరు మాసమున స్విట్జర్లాండులోని జూరిచ్ నగరమునకు ఒక బాలుడు ప్రవేశపరీక్ష వ్రాయుటకు వచ్చెను. అచ్చటి సమాఖ్య పాలిటెక్నిక్ విద్యాలయము మిగుల పేరెన్నికగన్నది. సామాన్యముగా 18 ఏండ్లు నిండినవారే అందు చేరుదురు. ఈ బాలునికి పదునారున్నర యేండ్లు మాత్రమే. చేత యోగ్యతాపత్రమైనను లేదు. మ్యూనిక్ నగరపు పాఠశాలలోని కఠినశిక్షణ సరిపడక, 1894 చివర చదువు నడుమనే విడిచి, ఇటలీలోనున్న తల్లిదండ్రులను చేరినవాడు. తండ్రి విద్యుద్యంత్ర వ్యాపారము దెబ్బతినియుండెను. కుమారుడు ఇంజనీరై చేతికి అందివచ్చునని ఇంటివారి ఆశ. ఆ బాలుడే ఆల్బర్ట్ ఐన్‌స్టయిన్.

గణితమునను భౌతికశాస్త్రమునను అతడు పరీక్షకుల మెప్పు పొందెను. ఇందు వింత లేదు. 12వ యేట రేఖాగణిత పుస్తకమొకటి చేతబడినది మొదలు తనంతట తానే చదువుచు, 16 ఏండ్లకే కలనగణితమును అభ్యసించియుండెను. ఇష్టమైనది చదువుమని ఎవరును చెప్పనక్కరలేదు; చిక్కు తక్కినవానితోనే వచ్చును. ఫ్రెంచి భాష, సాహిత్యము, జంతుశాస్త్రము, వృక్షశాస్త్రము మున్నగువానిలో అతడు తప్పెను. ప్రవేశము దొరకలేదు.

విద్యాలయాధిపతి ఆల్బిన్ హెర్జోగ్ అతనిని నిరాశపరుపక, ఆరౌ పట్టణపు ఉన్నత పాఠశాలలో చదువు ముగించి మరల రమ్మని హితవు చెప్పెను. భౌతికశాస్త్రాచార్యుడు వేబర్, జూరిచ్‌లోనే నిలిచినచో తన ఉపన్యాసములకు రావచ్చుననెను. మొదటిది చేదుమందు, రెండవది తేనె. ఐన్‌స్టయిన్ చేదుమందునే పుచ్చుకొనెను.

ఆరౌలో అతడు యోస్ట్ వింటెలర్ అను ఉపాధ్యాయుని యింట బస చేసెను. ఆ యింటివారు అతనిని కన్నబిడ్డవలె చూచుకొనిరి. పాఠశాలలో వల్లెవేయించుట తక్కువ. విద్యార్థి తాను చూచి, తలపోసి, తెలిసికొనవలెను. కాంతికిరణము వెంట అంతటి వేగముతోనే పరుగిడు వానికి ఆ కాంతి ఎట్లు కనబడునను ప్రశ్న ఆ దినములలోనే అతని మనస్సున నాటుకొనెను. 1905లో ప్రకటించిన సాపేక్షతా సిద్ధాంతమునకు అదియే బీజము.

1896 సెప్టెంబరులో తుదిపరీక్షలు జరిగెను. 6 అత్యున్నతమైన గుర్తు. బీజగణితము, రేఖాగణితము, భౌతికశాస్త్రము, చరిత్ర వీనియందు 6, రసాయనశాస్త్రమున 5, భూగోళమున 4, ఫ్రెంచి భాషయందు 3. ఐన్‌స్టయిన్ గణితమున తప్పెనను మాట పాఠశాలలలో తరచు వినబడును. అది మార్కులు తగ్గిన పిల్లలకు ఊరట గొలుపునే కాని, సత్యము కాదు.

ఫ్రెంచి పరీక్షలో అతడు వ్రాసిన వ్యాసము తన భవిష్యత్తును గూర్చినదే. పరీక్షలో నెగ్గినచో జూరిచ్‌లో నాలుగేండ్లు గణిత భౌతికశాస్త్రములు చదివి, ఉపాధ్యాయుడనయ్యెదనని అందు తెలిపెను. ఇంజనీరు మాట లేదు. భాషాదోషములు మెండుగానున్నను భావము స్పష్టము.

ఆ యేడే తండ్రి వ్యాపారము పూర్తిగా కూలిపోయెను. తల్లివైపు బంధువులు నెలకు 100 ఫ్రాంకులు పంపుటకు పూనుకొనిరి. అక్టోబరులో అతడు మరల జూరిచ్ చేరెను. ఆరౌ యోగ్యతాపత్రము చేతనుండుటచే ఈసారి ప్రవేశపరీక్ష వ్రాయవలసిన పని లేకపోయెను. అప్పటికిని అతనికి 18 ఏండ్లు నిండలేదు.