వాన పడినా నాటకం ఆగదు

ప్రశ్న: జులైలో లండన్‌లోని మా అమ్మాయి దగ్గరికి వెళ్తున్నాం. గ్లోబ్ థియేటర్‌లో షేక్‌స్పియర్ నాటకం చూడాలని మా కోరిక. నిలబడి చూసే టికెట్ చవకట. కానీ నాకు మోకాళ్ల నొప్పులు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: ఆ చవక టికెట్ జోలికి మీరు వెళ్లకండమ్మా. వేదిక ముందు, ఆకాశం కింద దాదాపు 700 మంది నిలబడతారు. నాటకం నడుస్తున్నంతసేపూ అక్కడ కూర్చోనివ్వరు. రెండున్నర, మూడు గంటలు పట్టడం మామూలే. మీకు గ్యాలరీయే మేలు. అక్కడివి చెక్క బల్లలు, చాలావాటికి వెనక ఆనుకునే వీలుండదు కాబట్టి కుషన్ అద్దెకు తీసుకోండి. సీటు ధర మరీ తక్కువగా ఉంటే స్తంభం అడ్డొస్తుందేమో చూసుకోండి. మీవారికి ఓపికుంటే మాత్రం కిందే నిలబడనివ్వండి. నటులు ఒక్కోసారి జనం మధ్యలోంచే నడిచొస్తారు, అసలు మజా అక్కడే!

గ్యాలరీలకు గడ్డి కప్పు ఉంది. (1613లో ఫిరంగి పేల్చినప్పుడు పాత గ్లోబ్ అంటుకుంది ఇలాంటి కప్పు వల్లే. ఇప్పటిది 1997లో తెరిచారు.) కింద ఉన్నవాళ్లు తడవాల్సిందే. గొడుగు తెరవనివ్వరు, రెయిన్‌కోటు వేసుకోవచ్చు. జులై అయినా రాత్రి థేమ్స్ గాలి చల్లగా ఉంటుంది, శాలువా మరవకండి. వీలైతే మధ్యాహ్నం ఆట ఎంచుకోండి.

భాష పాతది, కష్టమే. కథ ముందే తెలుగులో చదువుకోండి. మొదటిసారికి విషాదాంతం కన్నా హాస్య నాటకమే నయం. టికెట్లు మాత్రం ఇప్పుడే తీసుకోమని అమ్మాయికి చెప్పండి.